65వ నంబరు రోడ్డు మీద ఆవకాయ కత్తి

కంకిపాడు చుట్టుపక్కల కత్తితో పనిలేని వృత్తిని వెతికి పట్టుకోవడం కష్టం. వరి కోతకు కక్కు కొడవలి. చెరకు నరకడానికి బరువైన కత్తి. గీత కార్మికుడి నడుముకు పలచటి గీత కత్తి, బొండాల బండి మీద మొద్దు కత్తి, చేపల కొట్లో కాలి కింద తొక్కిపట్టిన కత్తిపీట. కోత మిషన్లు వచ్చాక కక్కు కొడవలి చూరులోకి పోయింది గానీ, మిగతావన్నీ ఇంకా అన్నం పెడుతూనే ఉన్నాయి. వీటిలో దేన్నయినా భుజాన వేసుకుని ఓ మనిషి సెంటర్లో నడిచి వెళ్తుంటే ఎవరూ తలెత్తి చూడరు.

మే నెలలో మాత్రం అందరి కళ్లూ ఒక్క కత్తి మీదే ఉంటాయి. చెక్క దిమ్మకు ఓ చివర బిగించి, రెండో చివర పిడి పెట్టిన ఆవకాయ కత్తి అది. టెంకతో సహా పచ్చి మామిడికాయను ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేస్తుంది. పుణెలో ఉంటున్న మా చెల్లెలు ఈసారి జాడీలు పంపొద్దంది. "కత్తి పట్రా అన్నయ్యా. ఇక్కడి చాకులకు టెంక తెగదు. టెంక అంటుకోని ముక్క నెల తిరక్కుండా మెత్తబడిపోతుంది. కత్తి ఒకటి ఉంటే ఏటా నేనే పెట్టుకుంటా" అంది. ఎలాగూ కార్లోనే బయల్దేరుతున్నాను. ఊళ్లో కొలిమి దగ్గర చెప్పి చేయించాను.

లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి సాగదీసి చేసిన కత్తి. కమ్మరి బాబాయ్ బొటనవేలితో పదును చూసి నా చేతికిచ్చాడు. అలుగు జానెడుకు మించే ఉంది. "బాబాయ్, దీన్ని డిక్కీలో వేసుకుని మహారాష్ట్ర దాకా పోతే పోలీసులు పట్టుకోరా?" అన్నాను. కొలిమి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "దిమ్మ ఊడదీయకుండా అట్టాగే తీసుకెళ్లండి. దిమ్మ ఉంటే అది ఆవకాయ కత్తి. ఊడదీశారనుకోండి, అడిగేవాడికి ఏం చెప్పినా నమ్మడు" అన్నాడు.

ఆయుధాల చట్టంలోని కీలకమైన మాటను ఇంతకన్నా తేలిగ్గా చెప్పిన వకీలును నేను చూడలేదు. 1959లో చేసి 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో పెట్టిన ఆ చట్టం, ఏది ఆయుధమో చెబుతూనే, ఇంటి పనికో సేద్యానికో మాత్రమే తయారైన వస్తువులను ఆ లెక్కలోంచి తీసేసింది. దాని కింద వచ్చిన నిబంధనల్లో కత్తులు, బరిశెలు, బాకులు అయిదో తరగతి. చాకుల సంగతికొస్తే అలుగు 9 అంగుళాలకన్నా పొడవో, 2 అంగుళాలకన్నా వెడల్పో ఉంటే ఆ తరగతిలో చేరతాయి. అక్కడా మినహాయింపు ఉంది. ఇల్లు, పొలం, ప్రయోగశాల, ఫ్యాక్టరీ పనులకు చేసినవి ఎంత పొడవున్నా రావు. అలా వచ్చే కత్తులను తయారు చేయడానికి, అమ్మడానికి లైసెన్సు కావాలి. దగ్గర పెట్టుకోవడానికి మాత్రం, తుపాకీకి లాగా, దేశమంతటా లైసెన్సు అక్కర్లేదు. ఫలానా ప్రాంతంలో ఫలానా ఆయుధానికి లైసెన్సు ఉండాలని ప్రభుత్వం నాలుగో సెక్షన్ కింద గెజిట్‌లో ప్రకటిస్తేనే ఆ అవసరం వస్తుంది.

అలాంటి ప్రకటనల్లో పేరుమోసింది ఢిల్లీది. 1980 అక్టోబరులో వచ్చిన ఆ నోటిఫికేషన్, బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల అలుగును 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు అని కొలిచి మరీ గీత గీసింది. నలభై అయిదేళ్లుగా ఢిల్లీ పోలీసులు ఆ కొలతతో కేసులు పెడుతున్నారు. 2025లో సుప్రీంకోర్టు అలాంటి ఓ కేసును కొట్టేసింది. అమ్మడానికో, తయారీకో, పరీక్షకో ఆ చాకు దగ్గర పెట్టుకున్నాడని చార్జిషీటులో ఎక్కడా లేదని చెప్పింది. కొలత సరిపోయినంత మాత్రాన నేరం కాలేదు. ఎందుకు పెట్టుకున్నాడన్నదే మళ్లీ ముందుకొచ్చింది.

ఈ ప్రశ్న రాష్ట్రం మారితే ఎలా మారుతుందో చూడ్డానికి మా ఊరి ముందున్న రోడ్డే చాలు. బందరులో మొదలై కంకిపాడు మీదుగా పుణె దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల్ని ఒకే తాడున కడుతుంది. పాతవాళ్లు ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. మా డ్రైవరుది ఉయ్యూరు. పూర్వం ఇదే రోడ్డు మీద లారీ తోలాడు. కారం, ఆవపిండి నింపిన జాడీలు, కత్తి, పసుపు కొమ్ముల మూట డిక్కీలో సర్ది తెల్లారకముందే బయల్దేరాం.

ఈడుపుగల్లు, గంగూరు, పెనమలూరు, పోరంకి, కానూరు దాటాక ఆటోనగర్. మా కత్తికి పుట్టిల్లు ఇదే అనుకోవచ్చు. విరిగిన కమాను పట్టీలు ఇక్కడి పాత ఇనుము కొట్ల నుంచే పల్లెల్లో కొలుముల దాకా పోతాయి. దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కితే ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఇంకో పక్క బ్యారేజీ. పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేసింది ఈ కొండ మీదేనంటారు. శివుడు బోయవాడి వేషంలో వచ్చి, కలబడి, మనిషిని చూసుకున్నాకే అస్త్రం ఇచ్చాడు. లైసెన్సు ఇచ్చేముందు విచారణ జరగాలన్న ఆలోచన కొత్తదేం కాదు.

బ్యారేజీ ఉన్నచోటే 1855 ప్రాంతంలో పాత ఆనకట్ట పూర్తయింది. అప్పుడు మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీ. అదే ప్రెసిడెన్సీలో ఆ చివరనున్న మలబారులో మాప్పిళ్ల రైతుల యుద్ధకత్తుల మీద 1854లో ప్రత్యేకంగా ఓ చట్టం తెచ్చారు. కత్తులన్నీ తెచ్చి అప్పగించాలని కలెక్టరు కనోలీ ఊరూరా తిరిగాడు. 1855 సెప్టెంబరులో కోళికోడ్‌లోని ఆయన బంగళాలోనే ఆయన్ని చంపేశారు. ఒకే ప్రభుత్వం, ఒకే కాలం. ఇక్కడి రైతుకు కాలువ నీళ్లొస్తే అక్కడి రైతు చేతిలోంచి కత్తి లాక్కున్నారు. అక్కడ భూమి తగాదాలు, తిరుగుబాట్లు ఉన్నాయి. ఇక్కడ రాబోయే శిస్తు మీద ఆశ ఉంది. కత్తి చట్టాల చరిత్రంతా ఇలాగే ఉంటుంది. పాలించేవాడికి ఎవరంటే భయమో, ఎవరంటే నమ్మకమో వాటిల్లో కనబడుతుంది. 1878లో వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం యూరోపియన్లను వదిలేసి మనవాళ్లను లైసెన్సు అడిగింది కూడా అందుకే.

నందిగామ, జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికొచ్చాం. తెలంగాణ నుంచి వచ్చే బళ్లను ఆపి సీసాల కోసం వెతుకుతున్నారు. పోయే మమ్మల్ని ఎవరూ అడగలేదు. "ఈ పక్కన మందు, ఆ పక్కన కత్తి, ఎవరి వెతుకులాట వాళ్లదండీ" అన్నాడు డ్రైవరు. సరిహద్దు దాటినా ఆయుధాల చట్టం మారదు. ఆయుధాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి, ఆ విషయంలో రాష్ట్రానికో చట్టం లేదు. మారేది పోలీసుల ఉత్తర్వు. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో కర్రలు, కత్తులు పట్టుకు తిరగరాదని అధికారులు ప్రకటిస్తారు. అది మొన్నటిదాకా 144 సెక్షన్. 2024 జులై నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో 163. నిన్న మామూలుగా ఉన్న కత్తి రేపు తెల్లారేసరికి నిషిద్ధం కావచ్చు. ఆ ఊరివాడికి తెలుస్తుంది. దారినపోయే వాడికెలా తెలుస్తుంది?

కోదాడ నుంచి సూర్యాపేట దాకా గోడల మీద కొడవళ్లే. ఒక పార్టీది కంకి కొడవలి, ఇంకోదానిది సుత్తీ కొడవలి నక్షత్రం. 1946 నుంచి 1951 దాకా ఈ నేల మీద రైతాంగ పోరాటం నడిచింది. వడిసెల, కారం, రోకలి, కొడవలి, చేతికందిందల్లా ఆయుధమే అయింది. ఇల్లు, సేద్యం అంటూ చట్టం మినహాయించిన జాబితా, ఆ అయిదేళ్లలో ఇక్కడ జనం ఎత్తిన ఆయుధాల జాబితా దాదాపు ఒకటే. కొడవలి ఇప్పుడు బ్యాలెట్ మీది గుర్తు.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాను. అక్కడ జహంగీరు బాకుంది, నూర్జహాను పండ్లు కోసుకున్న చాకుంది. రెండూ రాజవస్తువులే, రెండింటికీ అద్దాల అలమరే. 1959 చట్టం పెట్టుకుని చూస్తే ఒకటి ఆయుధం, రెండోది వంటింటి సామాను. ఇంతా చేసి వాటి తయారీ పనితనంలో తేడా కనబడదు.

నగరంలో దిగిన చోట, డాలస్ నుంచి వచ్చిన ఓ బంధువుల కుర్రాడు నా కత్తి చూసి ఫొటో తీసుకున్నాడు. "అమెరికాలో అయితే ఒక్కో స్టేట్‌కి ఒక్కో రూలు బాబాయ్. లాంగ్ డ్రైవ్‌కి వెళ్తే జేబులో చాకు కూడా చూసుకోవాలి" అన్నాడు. నిజమే. టెక్సస్ 2017లో పాత నిషేధాలు ఎత్తేసి, అయిదున్నర అంగుళాలు దాటిన అలుగును బడులు, కోర్టులు, గుళ్లూ చర్చీల్లాంటి కొన్ని చోట్లకు మాత్రం తీసుకెళ్లరాదంది. కాలిఫోర్నియాలో నడుముకు ఒరలో బయటికి కనబడేలా పెట్టుకున్న బాకు ఫర్వాలేదు, చొక్కా కింద దాస్తే నేరం. బటన్ చాకు అలుగు రెండు అంగుళాలుంటేనే అక్కడ జేబులో ఉండకూడదు. న్యూయార్కు రాష్ట్రం 2019లో మణికట్టు విసురుకు తెరుచుకునే చాకుల మీద నిషేధం తీసేసింది గానీ, న్యూయార్కు నగరం తన నాలుగంగుళాల గీతను చెరపలేదు. ఆ నిషేధం కింద పట్టుబడినవాళ్లలో అట్టపెట్టెలు కోసుకునే కూలీలు, వడ్రంగులు చాలామంది ఉన్నారు, వాళ్లలోనూ నల్లవాళ్లు, లాటినోలే ఎక్కువ. చట్టం తీసేయడానికి అదీ ఒక కారణమైంది. ఆ దేశం గురించి మాట్లాడుకుంటూనే నేను మన రోడ్డు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

జహీరాబాదు దాటాక రోడ్డు వదిలి బీదరు వైపు తిప్పించాను. గురునానక్ ఝీరా సాహిబ్‌లో ఊటనీళ్లు తాగి, లంగరులో తిన్నాం. వడ్డించిన పెద్దాయన నడుముకు కిర్పాన్ వేలాడుతోంది. వంగి చపాతీ వేస్తుంటే అది నా భుజానికి తగిలింది. ఆయనా పట్టించుకోలేదు, నేనూ ఉలిక్కిపడలేదు. ఈ బీదరుకు సిక్కుల చరిత్రలో పెద్ద చోటుంది. 1699లో గురు గోవింద్ సింగ్ ఖడ్గం దూసి తల అడిగితే లేచి నిలబడ్డ అయిదుగురిలో ఒకడైన భాయ్ సాహిబ్ సింగ్‌ది ఈ ఊరే. మంగలివారి బిడ్డ అని సంప్రదాయం చెబుతుంది. కిర్పాన్ ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణంలో విడిగా రాసుకున్నాం. ఒక కత్తికి మన రాజ్యాంగం పేరు పెట్టి ఇచ్చిన స్థానం అదొక్కటే. దానికీ అంగుళాల లెక్క వచ్చింది. దేశీయ విమానాల్లో అలుగు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు మించరాదని 2022లో పౌర విమానయాన భద్రతా సంస్థ నిర్ణయించింది. మా ఆవకాయ కత్తికి చేతిసంచిలో ఆ భాగ్యం కూడా లేదు.

బీదరు ఉన్న ఈ కర్ణాటకలోనే దక్షిణాన కొడగు ఉంది. అక్కడివాళ్లు పండగలప్పుడు నడుముకు ముందువైపు పీచెకత్తి, వెనక ఇత్తడి తొడంగులో ఒడికత్తి పెట్టుకుంటారు. 1861లో బ్రిటిషు కమిషనర్ మార్క్ కబ్బన్ వాళ్లను నిరాయుధీకరణ చట్టం నుంచి మినహాయించాడు. తుపాకుల లైసెన్సు విషయంలో ఆ మినహాయింపు స్వతంత్ర భారతంలోనూ సాగుతూ వచ్చింది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగిస్తే, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. బ్రిటిషువాడు ఎవర్ని నమ్మాడో ఆ నమ్మకానికి నూట అరవై ఏళ్లు దాటినా కాలం చెల్లలేదు. మలబారు కత్తి, కొడగు కత్తి పక్క పక్క సీమల్లో పుట్టినవే. ఒకదాన్ని ఇంటింటికీ తిరిగి పట్టుకుపోయారు, ఇంకోదానికి గౌరవం ఇచ్చారు.

హుమ్నాబాదు దాటి, మహారాష్ట్రలోకి వచ్చి ఉమర్గా చేరేసరికి చీకటి పడింది. సోలాపూర్‌కు ఇంకా దూరం ఉండగా గస్తీ పోలీసులు ఆపి డిక్కీ తెరవమన్నారు. కత్తి చూడగానే ఒకతను టార్చి దాని మీద పెట్టాడు. మా డ్రైవరు తన లారీ హిందీలో, "అచార్ కా హై సాబ్, ఆమ్ కాట్నే కా" అని, దిమ్మను నేల మీద పెట్టి పిడి ఎత్తి దించి చూపించాడు. జాడీల మూతలు కూడా తీయించాడు. కొత్త కారం, ఆవపిండి ఘాటుకు ఒకరిద్దరు వెనక్కి తగ్గారు. కారు నంబరు రాసుకుని పంపేశారు. కమ్మరి బాబాయ్ మాట అక్షరాలా చెల్లింది.

వాళ్లలా ఆపడానికి మహారాష్ట్రలో ప్రత్యేకమైన కారణం ఉంది. బొంబాయి రాష్ట్రంగా ఉన్నప్పుడు 1951లో వచ్చిన పోలీసు చట్టం ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. దాని 37వ సెక్షన్ కింద కత్తులు, చాకులు, కర్రలు పట్టుకు తిరగరాదని కమిషనర్లు, కలెక్టర్లు ఉత్తర్వులిస్తారు. ఉల్లంఘిస్తే 135. ఆ రాష్ట్ర పత్రికల్లో ఏ కత్తి కేసు వార్త చూసినా ఆయుధాల చట్టం పక్కనే ఈ రెండు అంకెలూ కనబడతాయి. ఢిల్లీలో అంగుళాలు, మహారాష్ట్రలో ఉత్తర్వులు, కిర్పాన్ విషయంలో మతం, కొడగులో జాతి. పైన ఉన్న చట్టం ఒకటే.

మర్నాడు సోలాపూర్ తూర్పు భాగంలో తిరుగుతుంటే పరాయి రాష్ట్రంలో ఉన్నామనే అనిపించలేదు. తెలంగాణ నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీల వాడలవి. అరుగు మీద ఓ అవ్వ తునికాకు మీద రేకు పెట్టి దాని అంచు వెంబడి కత్తెర ఆడిస్తోంది. "ఏ ఊరు బిడ్డా?" అంది. కంకిపాడంటే తెలీలేదు, బెజవాడంటే తెలిసింది. నా కత్తి కథ చెబితే విని, "మా కత్తెరలను ఎవ్వలూ అడగరు బిడ్డా. మేం బజారుకు పోయిందెప్పుడు, ఇంట్లనే ఉంటిమి" అంది. ఇంటి గడప దాటని పనిముట్టును పోలీసు చూడడు. పనికోసం ఊళ్లు తిరిగేవాడి పనిముట్టునే చూస్తాడు.

ఆ మాటే పుణె దాకా నా వెంట వచ్చింది. దారి పొడవునా చెరకు తోటలు. చలికాలంలో ఈ పొలాలన్నీ బీడ్ లాంటి మరాఠ్వాడా జిల్లాల నుంచి వచ్చే వలస కూలీలతో నిండిపోతాయి. మొగుడూ పెళ్లామూ కలిసి ఒక 'కొయతా' కింద లెక్క. అంటే చెరకు నరికే కత్తి పేరే ఆ జంట పేరు. కూలీలను కుదిర్చే ముకద్దం బయానా ఇచ్చేదీ ఆ లెక్కనే. మా ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి చెరకు కొట్టే కత్తికీ దీనికీ వంపులో కాస్త తేడా, అంతే.

పుణెలో ఆ కత్తికి చెడ్డపేరొచ్చింది. కొయతాలు పట్టుకుని బైకుల మీద తిరుగుతూ దుకాణాలు పగలగొట్టి, జనాన్ని బెదిరించే కుర్రాళ్ల ముఠాలకు పత్రికలు 'కొయతా గ్యాంగ్' అని పేరు పెట్టాయి. 2023 మొదట్లో పోలీసులు కొయతా కొనేవాళ్ల ఆధార్ వివరాలు రాసుకోవాలని దుకాణాలవాళ్లకు చెప్పారు. చెల్లెలి ఇంటి దగ్గర బజారులో ఇనుప సామాను కొట్టువాణ్ని అడిగితే, "కుర్రాళ్లొస్తే అమ్మం, పల్లెటూరివాళ్లొస్తే అమ్ముతాం" అన్నాడు తేలిగ్గా. ఏది ఆయుధమో, ఏది పనిముట్టో తేల్చే బాధ్యత పార్లమెంటు నుంచి ఓ కొట్టువాడి చూపు దాకా దిగొచ్చింది.

నాలుగు రాష్ట్రాలు దాటి వచ్చాక నాకు అర్థమైందిది. నా కత్తి 9 అంగుళాలు దాటినా నన్ను కాపాడింది చట్టంలోని మినహాయింపు ఒక్కటే కాదు. కారు, తెల్ల జుట్టు, జాడీలు, హిందీ వచ్చిన డ్రైవరు, ఇవన్నీ కలిసి నా తరఫున సాక్ష్యం చెప్పాయి. అదే రోడ్డు మీద అదే రాత్రి, గోనెసంచిలో కొయతా చుట్టుకుని పని వెతుక్కుంటూ పోయే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ సాక్షులుండరు. అతని కత్తి నా కత్తికన్నా పొట్టిదే కావచ్చు, అతని పని నా పచ్చడికన్నా కచ్చితంగా పెద్దదే. కంకిపాడులో అయితే అతన్ని ఎవరి చేలో కొడుతున్నాడో చెప్పి విడిపించడానికి నలుగురుంటారు. వలస వెళ్లినవాడు ఊరితోపాటు ఆ నలుగుర్నీ వదిలి వెళ్తాడు.

కాబట్టి ప్రయాణాల్లో కత్తి పట్టుకెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. దాని పని కనబడేలా పట్టుకెళ్లండి, జేబులోనూ సీటు కిందా దాచకండి. విమానమైతే చేతిసంచిలో వద్దు. దిగే ఊళ్లో పోలీసు ఉత్తర్వు ఏదైనా ఉందేమో కనుక్కోండి. బటన్ చాకును ఢిల్లీకి మాత్రం మరిచిపోయి కూడా పట్టుకెళ్లకండి.

ఇక కొట్లో ఆధార్ రాసుకోవడం తప్పని నేననను. ముఠాల చేతిలో దెబ్బ తిన్నవాళ్లకు ఆ భయం నిజం. కానీ కొన్నవాడి పేరు రాసుకునే పుస్తకంలో 'ఏ పనికి' అనే గడి కూడా ఉండాలి, 'చెరకు' అని చెప్పిన కూలీ మాట దారిలో ఆపిన పోలీసు దగ్గర చెల్లాలి. 1959లో చట్టం రాసినవాళ్లు సేద్యాన్ని మినహాయించింది అతని కోసమే. అతనికి అక్కరకు రాకుండా, ఊరగాయ కత్తి పట్టుకెళ్లే నాలాంటి వాడికే ఆ మినహాయింపు పనికొస్తే అది సగం చట్టమే.